బ్రేక్ ఆయిల్ కాగిన దారి: ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా

ప్రొద్దుటూరు వెళ్ళేవాళ్ళు బంగారం కొనడానికి వెళతారు, లేదా పట్టుచీరలు కొనడానికి వెళతారు. నేను మాత్రం ఒక జీపు క్లచ్ పెడల్ ఎందుకు కిందికి పడిపోతోందో చూడ్డానికి వెళ్ళాను. నవ్వకండి. ఒంగోలు బస్టాండు వెనక మాకు బ్రేకులు, క్లచ్చుల సామాన్ల కొట్టు ఉంది. మావారు సరుకు కోసం ఊళ్ళు తిరుగుతారు, కౌంటర్ మీద కూర్చునేది నేను. రబ్బరు వాషర్‌ను వేళ్ళతో నొక్కి అది ఏ బండిదో చెప్పగలను. మా బంధువుల్లో చాలామందికి ఇదొక పెద్ద తమాషా.

మా చెల్లెలు పద్మను ప్రొద్దుటూరు ఇచ్చాం. మరిది ఓబులేసు జీపు డ్రైవరు. ఆ రోజుల్లో ఆ ప్రాంతమంతా రెండు పక్షాలు, రెండు పార్టీలు. టీ కొట్టు దగ్గర్నుంచి పెట్రోలు బంకు దాకా ఏది ఎవరిదో పసిపిల్లలకు కూడా తెలుసు. ఓబులేసు ఒక పక్షం నాయకుడికి బండి తోలేవాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు, నేనూ అదే అంటాను.

ఒకరోజు కొట్టుకు ఫోన్ వచ్చింది. పద్మ ఏడుస్తోంది. "అక్కా, ఈయన బండి క్లచ్ రెండుసార్లు నడిదోవలో పడిపోయింది. ఈయన అవతలోళ్ళకు అమ్ముడుపోయినాడని పెద్దాయన మేనల్లుడు అంటాండాడు. ఇంగ మూడు దినాల్లో పులివెందులలో పెండ్లికి పోవాల. ఆడ గానీ పడిపోతే ఈయన్ను బతకనీరక్కా. నువ్వొకసారి రా."

పదిహేనేళ్ళ క్రితం పెళ్ళయి వెళ్ళిన పిల్ల, మాట కూడా ఆ ఊరిదైపోయింది. మరునాడు పొద్దున్నే ఆ జీపుకు సరిపోయే వాషర్ల కిట్టు ఒకటి, రెండు చీరలు, అర కిలో జీడిపప్పు సంచిలో వేసుకుని బయలుదేరాను. బ్రేక్ ఆయిల్ డబ్బా తీసుకోలేదు. అది ఎక్కడైనా దొరికేదే కదా అనుకున్నాను. క్లచ్‌లో పోసేదీ ఆ బ్రేక్ ఆయిలే లెండి.

ఒంగోలు నుంచి ప్రొద్దుటూరుకు రైల్లో వెళ్ళాలంటే గూడూరు, రేణిగుంట తిరిగి ఎర్రగుంట్లలో దిగాలి. అంత ఓపిక లేనివాళ్ళకు బస్సే మేలు. ఆరు గంటల బస్సు పట్టుకుంటే కనిగిరిలో టిఫిను, బద్వేలులో మజ్జిగ, మధ్యాహ్నానికి ప్రొద్దుటూరు. కనిగిరిలో ఇడ్లీ బాగుంటుంది, చట్నీ జోలికి వెళ్ళకండి. కిటికీ పక్క సీటు కావాలంటే కుడివైపు కూర్చోండి. ఎడమవైపు కూర్చుంటే మొదట్లో ఏమీ అనిపించదు గానీ, మైదుకూరు దాటాక ఎండ తగిలి చెవి కాలుతుంది.

మైదుకూరులో ఒక గొర్రెల కాపరి ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఆ ఎండలో గొంగడి ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

"యాడికి పోతాండావుమా?" అన్నాడు.

"ప్రొద్దుటూరు, మా చెల్లెలింటికి" అన్నాను.

"మీ చెల్లెలోళ్ళు ఏ పార్టీ?"

ముక్కూమొహం తెలియని మనిషిని అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనా? "మాది సామాన్ల కొట్టు, మాకు పార్టీ లేదు" అన్నాను.

ఆయన జాలిగా చూశాడు. "ఈడ పార్టీ లేకుంటే గొర్రె గూడా గడ్డి మేయదుమా" అని, గొంగడి మడతలోంచి వేయించిన శనక్కాయలు తీసి గుప్పెడు నా చేతిలో పోశాడు. చాలా బాగున్నాయి.

పద్మ బస్టాండుకే వచ్చింది. మనిషి సగమైంది. ఇంటికి తీసుకెళ్ళి రాగి సంగటి, వేరుశనగ పచ్చడి పెట్టి, నేను తింటూ ఉంటే జరిగినదంతా చెప్పింది. మొదటిసారి జమ్మలమడుగు దాటాక పెన్న వంతెన మీద. ఎదురుగా గొర్రెల మంద వస్తే ఓబులేసు బండి ఆపాడు. మంద పోయేదాకా క్లచ్ తొక్కిపట్టి ఉన్నాడు. ఉన్నట్టుండి బండి ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. పెడల్ తొక్కితే కాలు నేలకు అంటుకుంది, గేరు పడలేదు. వెనకున్నవాళ్ళు దిగి తోశారు. రెండోసారి ముద్దనూరు దగ్గర రైల్వే గేటు ముందు. అప్పుడూ అంతే.

"బండి చెడిపోవడం తప్పెలా అవుతుంది? మెకానిక్కు చూపించలేదా?" అన్నాను.

"అదే గదక్కా వచ్చిన చిక్కు! పది నిమిషాలకు మేనల్లుడు ఎక్కి తొక్కితే పెడల్ బాగానే ఉండాది. గేర్లు పడినాయి. బాగుండే బండిని కావాలనే ఆపినాడని వాళ్ళ మాట."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. చెడిపోయిన బండి చెడిపోయినట్టు ఉంటే ఏ గొడవా లేదు. పది నిమిషాల్లో దానంతటదే బాగయిన బండి మాత్రం మనిషిని అబద్ధాలకోరుగా నిలబెడుతుంది.

రాత్రి భోజనానికి ఓబులేసు వచ్చాడు. ఆరడుగుల మనిషి, మాట తక్కువ. నేను అడిగినవాటికి మాత్రం జవాబు చెప్పాడు. ఆయిల్ తగ్గుతోందా? "దినాం తగ్గుతాంది వదినా. దినాం పోస్తాండా." ఏ ఆయిల్? "మనోళ్ళ అంగట్లోదే. పెద్ద డబ్బాలోంచి సీసాకు పోసిస్తారు." సీసాకు మూత ఉంటుందా? అతను పద్మ వైపు చూశాడు. ఆమె వంటింట్లోంచి ఒక సీసా తెచ్చింది. మూతి దగ్గర గుడ్డ పీలిక దోపి ఉంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత లేకుండా పెడితే కొన్నాళ్ళకు అది ఆయిలూ కాదు, నీళ్ళూ కాదు. చల్లగా ఉన్నంతసేపు ఏమీ తెలియదు. కాగిందా, లోపలి నీరు మరిగి బుడగలు కడుతుంది. మీరు పెడల్ తొక్కితే ఆ తొక్కుడు సన్నని గొట్టంలోంచి వెళ్ళి గేరుపెట్టె పక్కనున్న కింది సిలిండర్‌ను కదిలించాలి. బుడగలుంటే తొక్కుడంతా అవే మింగేస్తాయి. చల్లారాక బుడగలు అణిగిపోతాయి, పెడల్ మామూలైపోతుంది. పది నిమిషాల సంగతి నాకు అక్కడే తెలిసిపోయింది. అయితే అంత కాగేలా ఈ మనిషి ఏం చేస్తున్నాడన్నది మాత్రం అంతుచిక్కలేదు.

మరునాడు పెద్దాయన జమ్మలమడుగులో ఆఫీసు పని మీద వెళుతున్నారు. ఆయన భార్య మిషన్ ఆసుపత్రిలో కళ్ళు చూపించుకోవాలి. ఆవిడకు తోడన్న వంకతో నేనూ జీపెక్కాను. ముందు పెద్దాయన, నడుమ మేమిద్దరం, వెనక మేనల్లుడూ మరో నలుగురూ. సీటు కింద ఒక గోనెసంచి ఉంది. అందులో ఏముందని నేను అడగలేదు, నా జన్మలో నోరు అదుపులో పెట్టుకున్న కొద్ది సందర్భాల్లో అదొకటి.

ఓబులేసు తోలడం చూస్తే మా ఒంగోలు డ్రైవర్లు దండం పెడతారు. ఊరు వస్తే వేగం తగ్గించాలని మనకు తెలుసు. అతను ఊరు వస్తే వేగం పెంచుతాడు. మలుపు దగ్గర రెండో గేరు, మలుపు తిరిగీ తిరగకముందే మూడో గేరు, క్లచ్ మీద కాలు కొట్టుకుంటూనే ఉంటుంది. పెద్దాయన భార్య మాత్రం ఇంట్లో ఉయ్యాల మీద కూర్చున్నట్టు కూర్చుని ఆవకాయలో మెంతులు ఎంత వేస్తావని నన్ను అడిగింది. నేను ముందు సీటు గట్టిగా పట్టుకుని ఏదో ఒక లెక్క చెప్పాను.

జమ్మలమడుగులో ఆఫీసు ముందు పెద్దాయన దిగారు. మేమిద్దరం పక్కనే ఉన్న ఆసుపత్రికి నడిచి వెళ్ళాం. ఆసుపత్రి పని త్వరగా ముగించుకుని తిరిగి వచ్చేసరికి జీపు అక్కడే ఉంది, ఇంజన్ ఆడుతూనే ఉంది. ఎండ మాడ్చేస్తోంది. ఓబులేసు స్టీరింగ్ పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఎడమ కాలు పూర్తిగా చాపి ఉంది.

"ఏమిటది, క్లచ్ తొక్కిపట్టి ఉన్నావా? గేరులో ఉందా?" అన్నాను.

"ఒకటో గేరులోనే ఉండాది వదినా."

"పెద్దాయన దిగినప్పటి నుంచీ?"

"అంతే గదా" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "న్యూట్రల్లో పెట్టుకోని కూకుంటే ఎట్ల? ఆయన కాలు లోపల పెట్టగానే బండి లేచిపోవాల. గేరు ఏసుకునే లోపల ఏమన్నా అయిపోతే? మా సీనియర్ డ్రైవరు నేర్పిచ్చిందే ఇది. ఈడ నాయకుల బండ్లన్నీ ఇట్లనే నిలబెడతారు."

కిందికి వంగి చూశాను. కింది సిలిండర్‌కూ కాలుతున్న సైలెన్సర్ గొట్టానికీ మధ్య నా బెత్తెడు కూడా లేదు. బండి కదిలితే గాలన్నా తగులుతుంది. నిలబెట్టి, ఇంజన్ ఆడించి, పెడల్ తొక్కిపట్టి ఉంచితే ఆ ఆయిల్ పొయ్యి మీద పెట్టిన పాలే. లోపలి వాషర్ ఆ వేడికి మెత్తబడి చెమర్చినట్టు కారుతోంది, దుమ్ములో చుక్కలు కనిపించాయి. ఆయిల్ రోజూ ఎందుకు తగ్గుతోందో, వంతెన మీద ఏమైందో అంతా ఒక్కసారి కళ్ళకు కట్టింది. చావు తప్పించుకోవడానికి నేర్చుకున్న పద్ధతే ఓబులేసును చావు దాకా తెచ్చింది.

ప్రొద్దుటూరు తిరిగొచ్చాక సరైన ఆయిల్ కోసం వెతికాం. రోడ్డు మీద మామూలుగా తోలేవాడికి డాట్ త్రీ రకం ఆయిల్ చాలు. ఇలా మంట పుట్టించేవాడికి డాట్ ఫోర్ కావాలి, అది ఇంకా ఎక్కువ వేడికి గానీ మరగదు. అన్నిటికన్నా ముఖ్యం సీలు డబ్బా. పద్మవాళ్ళు వెళ్ళే అంగట్లో పెద్ద డబ్బా తప్ప ఏమీ లేదు.

"సీలు డబ్బాలు ఖాదర్ అంగట్లో ఉంటాయి" అన్నాడు ఓబులేసు. "కానీ అది అవతలోళ్ళ వీధి. నేను పోలేను."

"నేను వెళతాను."

"పో వదినా. ఆడోళ్ళ జోలికి ఎవరూ రారు" అన్నాడు. తర్వాత ఒక్క క్షణం ఆగి, "ఎవరి బండికని మాత్రం చెప్పొద్దు" అన్నాడు.

ఖాదర్ తెల్లగడ్డం పెద్దమనిషి. నేను కిట్టులోంచి తీసి చూపిన వాషర్‌ను చూడగానే కుర్చీ వేయించాడు. ఒంగోలులో సామాన్ల కొట్టు అనేసరికి టీ వచ్చింది. వ్యాపారస్తులం ఇద్దరం కలిస్తే ఏముంటుంది, ఏ సరుకు ఎక్కడ నాసిరకం వస్తోందో మాట్లాడుకున్నాం. డాట్ ఫోర్ డబ్బాలు రెండు తీసి ముందు పెట్టి, మెల్లగా అన్నాడు:

"ఈ వాషర్ ఏ జీపుదో నాకు తెలుసుమా. ఈ ఊర్లో అట్లాంటి జీపులు రెండే. ఒకటి మావోళ్ళది, రెండోది ఓబులేసు తోలేది."

డబ్బాలు వెనక్కి తీసుకుంటాడేమో అనుకున్నాను. ఆయన తీసుకోలేదు.

"మావోళ్ళ డ్రైవరు గంగన్న అని ఉన్యాడు. మొన్న శివరాత్రి ముందు బండి ఇట్లనే ఆగిపోయింది. అమ్ముడుపోయినాడని రెండు కాళ్ళూ ఇరగ్గొట్టినారు. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పడుండాడు."

"ఆగిన బండి పది నిమిషాలకు మళ్ళీ బాగయిందా?" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నీకెట్ల తెలుసు? వాడు అదే చెప్పి ఏడ్చినాడు. ఎవరూ నమ్మలే."

నేను ఆయిల్ సంగతి, తొక్కిపట్టే పద్ధతి సంగతి చెప్పాను. అవతలి పక్షానికి మన రహస్యం ఇచ్చినట్టే కదా అని ఒక మాట మనసులో మెదిలింది. మెదిలితే మెదిలిందిలే అనుకున్నాను. ఖాదర్ గడ్డం నిమురుకున్నాడు. నేను లేచేటప్పుడు, "ఇప్పుడు తోలేటోనికి నేను చెప్తాలేమా" అన్నాడు.

ఆ సాయంత్రం పెద్దాయన పెరట్లో పని మొదలుపెట్టాం. మేనల్లుడు శివ మా వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ అనుమానం పుట్టించినవాడు అతనే గనక మొదట అతనికే చూపించాలనుకున్నాను. పద్మను కిరసనాయిలు స్టవ్వు తెమ్మన్నాను. రెండు ఒకే కొలత రేకు డబ్బాల్లో కాస్త కాస్త పోశాం, ఒకదాంట్లో జీపులోంచి తీసిన ఆయిల్, రెండోదాంట్లో కొత్తది. ఒకదాని తర్వాత ఒకటి మంట మీద పెట్టాను. పాత ఆయిల్ కొద్దిసేపటికే గుడగుడమని బుడగలు కట్టింది. కొత్తదాన్ని దాదాపు అంతకు రెండింతలసేపు పెట్టినా కదలలేదు. మీరు మాత్రం ఇంట్లో ఈ పని చేయకండి, ఆ పొగ మంచిది కాదు, మంట అంటుకునే పదార్థం కూడా. మేం ఆరుబయట, దూరంగా నిలబడి చేశాం.

"ఇదేనా నీ కత?" అన్నాడు శివ.

"ఇదే నా కథ. ఇప్పుడు నువ్వు వెళ్ళి కూర్చుని క్లచ్ తొక్కిపట్టుకో. ఎంతసేపు ఉంటావో చూద్దాం."

అతను ఎక్కి తొక్కాడు. కాసేపటికే తొడ వణకడం మొదలైంది. మీసం మెలేసుకుంటూ దిగిపోయాడు. అయినా మొండివాడు, తప్పు ఒప్పుకోలేదు. "రేపు పెండ్లికాడ చూస్తాం" అన్నాడు.

పాత ఆయిలంతా వదిలేసి, సిలిండర్లు విప్పి కడిగి, కొత్త వాషర్లు వేసి, కొత్త ఆయిల్ పోసి, ఓబులేసు పెడల్ కొడుతూ ఉంటే నేను కింద నట్టు వదులుతూ గాలంతా తీశాం. చీర పాడైంది. నూనె డబ్బా రేకు ఒకటి కత్తిరించి సైలెన్సర్‌కూ సిలిండర్‌కూ మధ్య అడ్డం కట్టాం. ఇక మిగిలింది ఒక్కటే. పెద్దాయన దగ్గరికి వెళ్ళి, బండి నిలబెట్టినప్పుడు న్యూట్రల్లో పెట్టనివ్వమని అడిగాను.

ఆయన వక్క నములుతూ నవ్వారు. "న్యూట్రల్లో పెట్టమంటే నన్ను సావమంటాండావు గదమ్మా."

మంచి ఆయిల్ మరగడాన్ని ఆలస్యం చేస్తుంది గానీ మాన్పించదని చెప్పాను. ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మరునాడు పులివెందుల పెళ్ళికి తొమ్మిది గంటలకు బయలుదేరాం. ఎర్రగుంట్ల మీద దగ్గరే, కానీ ఆ దారిలో అవతలివాళ్ళ ఊళ్ళున్నాయని జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాం. కొండపాపాయపల్లె... కాదు, ఊళ్ళ పేర్లన్నీ గుర్తులేవు, కళ్ళు మూసుకునే ఉన్నాను కదా. పెన్న వంతెన మీద మాత్రం తెరిచాను. నీళ్ళు ఒక మూల సన్నగా పారుతున్నాయి, తక్కినదంతా ఇసుక. ముద్దనూరు దాటాక కొండలు, చీనీ తోటలు, మనం బత్తాయి అంటామే అవే. ఆ తోటలు చూడ్డానికైనా ఒకసారి ఆ దారిన వెళ్ళండి, నిదానంగా నడిచే బస్సులో.

పెళ్ళి పందిరి రోడ్డు పక్కనే. పెళ్ళివారు రెండు పక్షాలకూ బంధువులట, అందుకని ఇద్దరు నాయకులూ వచ్చారు. మా జీపు రోడ్డుకు ఒక వైపు నిలబడింది. ఎదురుగా పాతిక గజాల దూరంలో సరిగ్గా అలాంటి జీపే, మా వైపు ముఖం పెట్టి. రెండింటి ఇంజన్లూ ఆడుతున్నాయి. రెండు జీపుల్లోనూ డ్రైవరు వెనక మనుషులు. శివ పెద్దాయనతో లోపలికి వెళ్ళాడు. పెద్దాయన భార్య నన్ను భోజనానికి లాక్కెళ్ళింది. అలసంద వడలు, పాయసం, నాలుగు రకాల అన్నం. మామూలుగా అయితే వాటి గురించే రెండు పేజీలు రాసేదాన్ని. ఆ రోజు ఒక వడ చేతిలో పట్టుకుని బయటికి వచ్చేశాను.

గంట దాటింది. ఓబులేసు చొక్కా వీపుకు అంటుకుపోయింది. నేను పక్కకు రాగానే పెదవి కదిలీ కదలకుండా అన్నాడు:

"వదినా, మెత్తబడతాంది. బండి ముందుకు పాకుతాంది. బ్రేకు మీద ఆపుకున్యా."

చూశాను. నిజమే, చక్రం జానెడు ముందుకు జరిగి ఉంది. ఎదుటి జీపులో వెనక కూర్చున్నవాళ్ళు అది గమనించారు. ఒకడు సీటు కిందికి వంగాడు. మా వెనకున్నవాడు గోనెసంచి నోరు విప్పుతున్నాడు. ఇంకో కుదుపు కుదిపితే మా జీపు వాళ్ళ మీదికి దూకినట్టే ఉంటుంది.

"న్యూట్రల్లో పెట్టెయ్" అన్నాను.

"వాడు గేరులో ఉండాడు వదినా. వాడు తీస్తే నేను తీస్తా."

అప్పుడు ఏ ధైర్యంతో ముందుకు నడిచానో నాకిప్పటికీ తెలియదు. ధైర్యం కాదు, నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఒక రబ్బరు వాషర్ కోసం ఇంతమంది చచ్చిపోతారా? చేతిలో వడతోనే రోడ్డు మధ్యకు వెళ్ళి, ఎదుటి జీపు డ్రైవరు కిటికీ దగ్గర నిలబడ్డాను. గుబురు మీసాల మనిషి. అతని ఎడమ తొడ కూడా గడగడా వణుకుతోంది.

"ఏమయ్యా, నీ పెడల్ మెత్తబడిందా, లేదా?" అన్నాను.

అతను నా వైపు వింతగా చూశాడు. "ఖాదర్ బాయ్ చెప్పిన ఒంగోలామె నువ్వేనా?"

"నేనే. మా వాడిదీ మెత్తబడింది. నేను ఇక్కడే, మీ ఇద్దరికీ మధ్య నిలబడతాను. మీరిద్దరూ ఒక్కసారే ఇంజన్లు ఆపండి. ఆపేదాకా నేను కదలను."

వెనకున్నవాడు ఏదో గద్దించాడు. మీసాల డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆడమనిషి అడ్డముండాది, నువ్వు కూకో మామా" అన్నాడు. నేను రోడ్డు నడుమకు వచ్చి ఓబులేసు వైపు చేయెత్తాను. ఒక ఇంజన్ ఆగింది. వెంటనే రెండోది ఆగింది. అప్పటిదాకా వినిపించని పెళ్ళి మేళం ఒక్కసారిగా రోడ్డంతా నిండిపోయింది.

ఓబులేసు పెడల్ మీంచి కాలు తీశాడు. తీశాక ఆ కాలు ఆగకుండా వణికింది. రెండు చేతులతో మోకాలు అదిమి పట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి కళ్ళలో నీళ్ళు చూసి నాకూ దుఃఖం ఆగలేదు.

లోపల్నుంచి శివ పరుగెత్తుకొచ్చాడు. "ఎవడ్రా బండి ఆపింది?"

"నేను" అన్నాను.

వెనకాలే పెద్దాయన వచ్చారు. ఆగిన రెండు జీపులనూ, రోడ్డు మధ్య చేతిలో వడతో నిలబడ్డ నన్నూ చూశారు. ఎక్కి కూర్చున్నారు. ఓబులేసు తాళం తిప్పాడు. ఆయిల్ చల్లబడినట్టుంది, గేరు మెత్తగా పడింది, జీపు కుదుపు లేకుండా కదిలింది.

తిరుగుదారిలో ముద్దనూరు దగ్గర రైల్వే గేటు వేసి ఉంది. ఓబులేసు అలవాటు కొద్దీ క్లచ్ తొక్కిపట్టాడు. పెద్దాయన అటు చూడకుండానే అడిగారు.

"దినాం ఎంతసేపు తొక్కిపట్టుకుంటావురా?"

"మీరు దిగినప్పట్నుంచి ఎక్కేదాకా అయ్యా."

"ఎప్పట్నుంచి?"

"మీ కాడ చేరినప్పట్నుంచి."

గూడ్సు బండి పోతూనే ఉంది. అది పోయాక పెద్దాయన అన్నారు: "ఇంగ కాలు తీయి."

వెనక సీట్లో శివ తల వంచుకున్నాడు.

మరునాడు పొద్దున ఒంగోలు బస్సుకు ఓబులేసు నన్ను సైకిలు మీద దింపాడు. పద్మ ఎర్రకారం దోసెలు కట్టిచ్చింది. సీటు దొరికింది, ఈసారి ఎడమవైపు కూర్చున్నాను. అతను కిటికీ దగ్గరే నిలబడ్డాడు. బస్సు బయలుదేరే ముందు కిటికీ ఊచలు పట్టుకుని అన్నాడు:

"వదినా, గంగన్నను మేము కొన్నామని టీ అంగళ్ళలో చెప్పుకున్యాం."

"ఎవరు?"

"మావోళ్ళు. వాళ్ళ బండి ఆగిపోయిన దినం అందరికీ శానా సంబరం. మేమే దుడ్లిచ్చి వాణ్ణి తిప్పుకున్యామని ఊరంతా చెప్పినారు. నేనూ చెప్పినా, నిజమే అనుకున్యా. నేనూ వాడూ ఒకే లారీ కాడ పని నేర్చుకున్యాం వదినా. వాణ్ణి ఎవరూ కొనలేదు. ఆయిలు కాగింది. అంతే."

"ఇప్పుడెక్కడికి వెళుతున్నావు?" అన్నాను.

"జమ్మలమడుగు. ఆసుపత్రికి."

"అక్కడ వాళ్ళ మనుషులు ఉంటారేమో!"

"ఉంటారు" అన్నాడు. "పోయి వాని ముందర నిలబడి, అందరూ ఇనేటట్టు చెప్తా. అబద్ధం చెప్పినోళ్ళం మేమని."

బస్సు కదిలింది. ప్రొద్దుటూరు గురించి అడిగేవాళ్ళకు బంగారం దుకాణాల సంగతి, దోసెల సంగతి, పులివెందుల దారిలో చీనీ తోటల సంగతి ఎన్నిసార్లయినా సంతోషంగా చెబుతాను. మనుషులు పెడసరంగా మాట్లాడతారు, గుప్పెడు నిండా పెడతారు. మళ్ళీ వెళ్ళమన్నా వెళతాను. కానీ ఆ రోజు మైదుకూరు వచ్చేదాకా దోసెల పొట్లం విప్పలేదు. బస్సు కదిలినప్పుడు వెనక్కి తిరిగి చూస్తే సైకిలు మీద ఓబులేసు బస్టాండు దాటి జమ్మలమడుగు రోడ్డు మీదికి తిరగడం కనిపించింది. ఒక్కడే వెళుతున్నాడు, నిదానంగా తొక్కుతున్నాడు.